అరుగు మీద బడి

ఈ నెల కాస్త పొడి విషయం. కథలకీ పుస్తకాలకీ అలవాటుపడి ఇటు వచ్చేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. నాకు కూడు పెట్టేది కంప్యూటరు, నేను మనసు పెట్టేది తెలుగు. ఈ రెండూ ఎదురుపడే చోటు పిల్లల బడి. అందుకే ఈ గోల.

ఇంగ్లండులో బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో సెప్టెంబరు నెల ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. బడి నుంచి ఒక కాగితం వస్తుంది. లెక్కలకి ఒక యూజర్‌నేమ్, చదవడానికి ఒకటి, హోంవర్కుకి ఒకటి, టీచరు మెచ్చుకోళ్లు చూడటానికి మనకొకటి. మా అమ్మాయి నాలుగో తరగతి. లెక్కపెడితే ఏడు ఖాతాలు తేలాయి. కొన్నిటికి బడి డబ్బు కడుతోంది. మిగతావి ఉచితం. "ఉచితమైతే మంచిదేగా, బడులకి అసలే డబ్బుల్లేవు" అని మా ఆవిడ అంది. నిజమే. బడ్జెట్టు చాలక టీచింగ్ అసిస్టెంట్లని తగ్గించుకునే రోజుల్లో ఉచితంగా వచ్చేదాన్ని ఏ హెడ్‌టీచరూ వద్దనలేరు. నేను అడిగేది వేరు. ఆ ఏడు ఖాతాల్లో పిల్ల చేసిన పని ఎవరి దగ్గర ఉంది? రేపు వాళ్లు దుకాణం కట్టేస్తే అది ఎక్కడికి పోతుంది?

మన ఊళ్లలో వీధిబడుల గురించి తాతలు చెప్పగా విన్నాం. ఎవరో ఒక పెద్దమనిషి ఇంటి అరుగు మీద పంతులుగారు బడి పెట్టేవారు. అరుగుకి అద్దె లేదు. అరుగు గలాయన మంచివాడే, పదిమందికి చదువు రావాలని కోరుకున్నవాడే. కానీ ఆ ఇంట్లో పెళ్లయితే బడికి సెలవు. ఇల్లు అమ్ముడుపోతే బడి ఇంకో చోటు వెతుక్కోవాలి. పంతులుగారు నిలదీయలేరు. అద్దె ఇచ్చేవాడికి ఒప్పందం ఉంటుంది, ఊరికే ఉండేవాడికి మొహమాటమే ఉంటుంది.

అయినా అప్పుడు పెద్ద నష్టం లేదు. పలక, బలపం, పెద్దబాలశిక్ష పిల్లవాడి సంచిలోనే ఉండేవి. ఈ అరుగు కాకపోతే పక్క వీధిలో ఇంకో అరుగు. ఇప్పటి అరుగుతో చిక్కేమిటంటే, అది పలకల్ని కూడా తన ఇంట్లోనే పెట్టుకుంటుంది.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. 2000ల్లో ఇక్కడి ప్రభుత్వానికి బడుల సాంకేతిక విషయాలు చూసుకోవడానికి బెక్టా అనే సంస్థ ఉండేది. బడులు ఏం కొనాలి, ఎలా కొనాలి, కొన్నది ఒకదానితో ఒకటి మాట్లాడుతుందా లేదా అన్నవి చూడటం దాని పని. దాని మీద విమర్శలు లేకపోలేదు. 2010 మేలో వచ్చిన కొత్త ప్రభుత్వం ఖర్చులు తగ్గించే క్రమంలో మొట్టమొదట మూసేస్తామన్నవాటిలో అదొకటి. 2011లో మూతపడింది. ఆ తర్వాత ఎవరి బడి సంగతి వాళ్లదే. సరిగ్గా ఆ రోజుల్లోనే గూగుల్, మైక్రోసాఫ్ట్ తమ ఆఫీసు సరుకునంతా బడులకి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టి ఊపందుకున్నాయి. కొనేటప్పుడు అడగాల్సినవి అడిగే మనిషిని తీసేశాక, ఉచితంగా ఇచ్చేవాడు తలుపు తట్టాడన్నమాట.

ఉచితమంటే ప్రైవేటు కంపెనీలేనా, ప్రభుత్వ సొమ్ముతో నడిచేవి నమ్మకమైనవి కావా అంటారేమో. బీబీసీ జామ్ కథ వినండి. 5 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం బీబీసీ 2006 జనవరిలో మొదలుపెట్టిన ఉచిత ఆన్‌లైన్ పాఠాలు అవి. బడ్జెట్టు 15 కోట్ల పౌండ్లు, టీవీ లైసెన్సు డబ్బుల్లోంచి. పాఠాలు అమ్ముకునే కంపెనీలు గోలపెట్టాయి: వీళ్లు ఊరికే ఇస్తుంటే మా దగ్గర కొనేదెవరని. గొడవ యూరోపియన్ కమిషన్ దాకా పోయింది. 2007 మార్చి 20న బీబీసీ ట్రస్టు దాన్ని ఆపేసింది. ఏడాదిన్నర కూడా నిండలేదు. మళ్లీ తెరవలేదు. అక్కడ తప్పు టెక్నాలజీది కాదు, డబ్బు లేకా కాదు. బడికి ఏ సంబంధమూ లేని గొడవలో బడి వాడుకునే వస్తువు పోయింది. ఆపేసేముందు టీచర్ల మాటకి నిలబడే ఒప్పందం ఏదీ లేదు.

సరిగ్గా 13 ఏళ్ల తర్వాత, అదే తేదీన, 2020 మార్చి 20న కరోనా వల్ల ఈ దేశంలో బడులు మూశారు. ఆ తర్వాతి నెలలోనే విద్యాశాఖ బడులకి ఒక సాయం ప్రకటించింది: గూగుల్ వాళ్ల జీ సూట్ గానీ, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీస్ 365 గానీ, రెంటిలో ఒకటి ఎంచుకోండి, పెట్టుకోవడానికయ్యే ఖర్చు మేం ఇస్తాం అని. ఆ వసంతంలో అంతకన్నా గతి లేదు, ఒప్పుకుంటాను. అవి లేకపోతే పిల్లలకి ఆ కొద్ది చదువు కూడా ఉండేది కాదు. కానీ మామూలుగా అయితే ఏడాది పాటు ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం వారంలో జరిగిపోయింది. ఆ వారంలో తీసుకున్నది ఇప్పటికీ నడుస్తోంది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, అంటే 2021లో, గూగుల్ ఒక మార్పు చెప్పింది. అప్పటిదాకా విద్యాసంస్థలకి 'ఎంత కావాలంటే అంత' అన్న నిల్వ, 2022 జూలై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు. పన్నెండు వందలమంది ఉన్న సెకండరీ బడికి ఇది తలా 80 జీబీ పైమాటే, బాధ లేదు. ముప్ఫై వేలమంది ఉన్న విశ్వవిద్యాలయానికి తలా మూడు జీబీ చిల్లర. మైక్రోసాఫ్ట్ కూడా 2024లో ఉచిత విద్యా ఖాతాలకి ఇలాంటి కత్తెరే వేసింది. నేను వాళ్లని తిట్టడం లేదు. డిస్కులు, కరెంటు, మనుషులు వాళ్లకీ ఖర్చే. వాళ్ల అరుగు, వాళ్ల ఇష్టం. కానీ ఏళ్ల తరబడి 'అంతులేనిది' అని నమ్మి సరుకంతా అక్కడ పేర్చినవాళ్లకి అంతు ఎక్కడుందో వేరేవాళ్లు నిర్ణయించారు.

కత్తెర వేస్తే ఒక రకం. మొత్తం తీసేస్తే ఇంకో రకం. నాకు బాగా గుర్తున్నవి మూడు చెబుతాను.

మొదటిది వికీస్పేసెస్. టీచర్లు తరగతికో చిన్న వికీ పెట్టుకుని పాఠాలు రాసుకునేవాళ్లు. 2018లో మూసేశారు. ఎలా మూశారో చూడండి: ఉచితంగా వాడుకునేవాళ్లకీ తరగతి వికీలకీ జూలై 31 ఆఖరు. డబ్బు కట్టేవాళ్లకి సెప్టెంబరు ఆఖరు దాకా గడువు. పెద్ద మొత్తం కట్టే సంస్థలకి 2019 జనవరి దాకా. పడవ మునిగేటప్పుడు ఎవర్ని ముందు దింపుతారో టిక్కెట్టు చూసి తేలుస్తారన్నమాట.

రెండోది ఎడ్‌మోడో. ఒకప్పుడు ప్రపంచమంతా బడుల్లో వాడిన సైటు. 2022 సెప్టెంబరు 22న మూసేశారు. ఇక్కడి లెక్కన బడులు తెరిచి మూడు వారాలు కూడా గట్టిగా కాలేదు. మూసిన తర్వాత బయటపడ్డ సంగతి ఇంకా ఘాటుగా ఉంది. 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీకి 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది: పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి సరిగా లేకుండా తీసుకుని ప్రకటనలకి వాడారని, అనుమతి తీసుకునే బాధ్యతని బడుల నెత్తిన రుద్దారని. ఆ జరిమానా కట్టే స్థోమత కంపెనీకి లేదని వసూలు నిలిపేశారు. అంతకుముందే, 2017లో, వాళ్ల దగ్గర్నుంచి 7 కోట్లకు పైగా ఖాతాల వివరాలు దొంగల పాలయ్యాయి. సైటు పోయింది, కంపెనీ చేతులెత్తేసింది, పిల్లల వివరాలు మాత్రం ఎక్కడో తిరుగుతూనే ఉన్నాయి.

మూడోది జామ్‌బోర్డ్. కరోనా కాలంలో టీచర్లు తెల్లబోర్డులా వాడుకున్న గూగుల్ సరుకు. 2024 డిసెంబరు 31తో ఆఖరు. ఏడాది ముందే చెప్పారు, ఫైళ్లు దింపుకునే దారి ఇచ్చారు. మూడింట్లో ఇదే మర్యాదగా వెళ్లింది. మర్యాదగా వెళ్లినా టీచరు తన రాత్రుళ్లు పెట్టి తయారు చేసుకున్న పాఠాలు ఇంకోచోట మళ్లీ కట్టుకోవాల్సిందే.

ఇవన్నీ పెద్ద లెక్కలు. చిన్న లెక్క ఒకటి మా ఊళ్లోదే. ఇక్కడ శనివారం తెలుగు బడి ఉంది. కమ్యూనిటీ హాల్లో రెండు గంటలు, పాతికమంది పిల్లలు, నలుగురు వాలంటీర్లు. అద్దె, ప్రింటింగు పోగా మిగిలేది టీకి చాలదు. కాబట్టి అన్నీ ఉచితమైనవే. ఒక ఏడాది పిల్లలకి మంచి హోంవర్కు ఇచ్చారు: మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి, వాళ్ల చిన్నప్పటి బడి గురించి అడిగి, రికార్డు చేసి పెట్టండి. పిల్లలు వచ్చీరాని తెలుగులో అడగడం, అటునుంచి పెద్దవాళ్లు గుంటూరు, నల్గొండ, శ్రీకాకుళం యాసల్లో చెప్పడం. ముప్ఫై పైచిలుకు రికార్డింగులు. అవన్నీ ఒక ఉచిత సేవలో పెట్టారు. దాని పేరు ఇక్కడ అనవసరం.

ఆ ఖాతా తెరిచిన వాలంటీరు ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్లిపోయాడు. మూసేస్తున్నామన్న మెయిలు అతని పాత ఈమెయిలుకి వెళ్లింది. అది అతను చూడటం మానేసి ఏడాదైంది. బడి నడిపే అక్క ఒక శనివారం పిల్లలకి వినిపిద్దామని తెరిస్తే పేజీ లేదు. "ఎవర్ని అడగాలి తమ్ముడూ?" అని నాకు ఫోను చేసింది. ఎవర్నీ అడగడానికి లేదు. రసీదు లేదు, కస్టమర్ నంబరు లేదు. డబ్బు కట్టలేదు కాబట్టి మనం వాళ్లకి కస్టమర్లమే కాదు. ఏడెనిమిది రికార్డింగులు తల్లిదండ్రుల ఫోన్లలో దొరికాయి. మిగతావి పోయినట్టే. వాటిలో మాట్లాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఆ ఇద్దరి మనవలకి వాళ్ల తాతయ్య గొంతు తెలుగులో అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

దీన్లో ఎవర్ని తప్పు పట్టాలో నాకు తెలియదు. ఖాతా తెరిచినవాడు మంచి పని చేశాడు. సేవ నడిపినవాళ్లు మెయిలు పంపామంటారు, నిజంగానే పంపారు. అందుకే ఇది మనుషుల గుణం మీద వదిలేయదగ్గ విషయం కాదంటున్నాను.

పోవడం ఒక ఎత్తు, పోకపోవడం ఇంకో ఎత్తు. బడికి వెళ్లడం తప్పనిసరి. హోంవర్కు తప్పనిసరి. ఆ హోంవర్కు ఫలానా సైట్లోనే చేయాలంటే ఆ సైటూ తప్పనిసరే. మామూలుగా మనం ఏదైనా యాప్ వేసుకునేటప్పుడు 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతాం, నచ్చకపోతే మానేస్తాం. పిల్లలకి ఆ మానేసే వీలు లేదు. అందుకే ఇక్కడి చట్టం, అంటే యూకే జీడీపీఆర్, బాధ్యతని బడి మీద పెట్టింది. పిల్లల వివరాలకి బాధ్యురాలు బడి, సైటు నడిపేవాళ్లు బడి చెప్పినట్టు చేసే పనివాళ్లు. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఇరవై మంది టీచర్లున్న ప్రైమరీ బడి కాలిఫోర్నియా కంపెనీకి 'ఇలా చెయ్యి, అలా చేయకు' అని చెప్పగలదా? 2022లో సోనియా లివింగ్‌స్టన్ తదితరులు పనిచేసిన డిజిటల్ ఫ్యూచర్స్ కమిషన్ గూగుల్ క్లాస్‌రూమ్, క్లాస్‌డోజో రెండింటినీ తీసుకుని ఇదే చూపించింది. క్లాస్‌రూమ్ లోపల ఒక రకం నిబంధనలు. అక్కడ టీచరు ఇచ్చిన లింకు నొక్కి యూట్యూబులోకి వెళ్తే ఇంకో రకం. గడప ఎక్కడ దాటామో పిల్లకీ తెలియదు, టీచరుకీ తెలియదు.

డెన్మార్కులో హెల్సింగోర్ అనే ఊరుంది. షేక్‌స్పియర్ హామ్లెట్ కథ నడిచే కోట ఉన్న ఊరే. అక్కడ ఒక తండ్రి తన కొడుక్కి బడివాళ్లు ఇచ్చిన ఖాతా గురించి ఫిర్యాదు చేశాడు. అది పెరిగి పెరిగి 2022 జూలైలో ఆ దేశపు డేటా రక్షణ సంస్థ ఆ ఊరి బడుల్లో గూగుల్ వాడకాన్ని నిషేధించే దాకా పోయింది. సెప్టెంబరులో షరతులతో సడలించారు. ఒక ఊరు మొత్తం పిల్లల చదువు ఆ పెట్టెల మీదే నడుస్తుంటే, నియంత్రణ సంస్థ కూడా ఒక్కసారిగా తీసేయలేదు. ఎక్కడం తేలిక, దిగడం కష్టం.

మన దేశం సంగతి కూడా చూద్దాం. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ బడుల్లో 4 నుంచి 10 తరగతుల పిల్లలకి వాళ్ల పాఠాలు ఉచితం. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి సుమారు 5 లక్షల ట్యాబులు పంచారు, పాఠాలు ముందే ఎక్కించి. ఆ ఏడాది బైజూస్ విలువ 2,200 కోట్ల డాలర్లని పత్రికలన్నీ రాశాయి. రెండేళ్లు తిరగకుండానే, 2024 జూలైలో, ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠాలు ట్యాబులోనే పెట్టి ఇవ్వడం తెలివైన పని, నెట్ లేకపోయినా నడుస్తాయి. కానీ సిలబసు మారినా, తప్పులు దిద్దాలన్నా, తర్వాతి బ్యాచికి కొత్తవి కావాలన్నా అడగడానికి అవతల ఎవరుండాలి?

పోనీ ప్రభుత్వమే నడిపితే? తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడు కొడితే తెరుచుకునే దీక్షా కేంద్ర ప్రభుత్వానిదే, ఉచితమే. దాని వివరాలు ఉంచిన ఒక సర్వరుకి తాళం వేయకుండా వదిలేశారని 2023 జనవరిలో బయటపడింది. దాదాపు 10 లక్షల మంది టీచర్లవి, 6 లక్షల మంది పిల్లలవి, ఏడాదికి పైగా.

ఇంత చెప్పాక, ఉచితం మీద నాకేదో కోపం అనుకోకండి. నాకు తెలుగు టైపింగ్ ఎవరూ నేర్పలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో రాత్రిపూట లేఖిని తెరుచుకుని, ఇంగ్లీషు అక్షరాలు కొడుతూ, ఏది కొడితే 'ఱ' వస్తుందో వెతుక్కుంటూ సొంతంగా నేర్చుకున్నదే. లేఖిని ఉచితం. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే దాని చలవే. కానీ తేడా గమనించండి. లేఖినిలో నేను కొట్టినదాన్ని కాపీ చేసుకుని నా ఫైల్లో పెట్టుకునేవాణ్ణి. పేరు అడగలేదు, ఖాతా అడగలేదు. రేపు అది లేకపోయినా నా రాతలు నా దగ్గరే ఉంటాయి, నేర్చుకున్న వేళ్లు నా చేతికే ఉంటాయి. పలక మన సంచిలో వదిలేసే ఉచితం అది.

అలాగే డబ్బు కడితే అన్నీ సవ్యంగా ఉంటాయనీ అనను. డబ్బు కట్టించుకునే కంపెనీలూ మునుగుతాయి, బైజూసే సాక్ష్యం. ధర కాదు చూడాల్సింది. అడిగితే జవాబు చెప్పేవాడున్నాడా, వెళ్లిపోవాలంటే దారి ఉందా అన్నవి చూడాలి.

అడిగితే పని జరుగుతుందనడానికి నెదర్లాండ్స్ ఉదాహరణ ఉంది. 2021లో అక్కడి బడుల, విశ్వవిద్యాలయాల తరఫున కొనుగోళ్లు చూసే సంస్థలు గూగుల్ సేవలని పరీక్ష చేయించి, ఫలానా ఫలానా ప్రమాదాలున్నాయని తేల్చాయి. డేటా రక్షణ సంస్థ కూడా గట్టిగా హెచ్చరించింది. జూలైకల్లా గూగుల్ దిగివచ్చి ఒప్పందం మార్చుకుంది. ఒక్కో బడి విడివిడిగా అడిగితే ఎవరూ వినరు, దేశమంతా ఒక గొంతుతో అడిగితే విన్నారు. బెక్టా లాంటిది ఉంటే ఇక్కడా ఆ గొంతు ఉండేదేమో.

మనం దేశం తరఫున అడగలేం. మన పిల్లల తరఫున అడగొచ్చు. ఈ టర్ములో పేరెంట్స్ ఈవెనింగుకి వెళ్లినప్పుడు, లేదా ఒక మర్యాదైన మెయిలు రాసి, మూడు సంగతులు అడగండి.

ఒకటి: పిల్లలు వాడే సైట్ల జాబితా ఇవ్వగలరా, వాటిలో పిల్లల వివరాల ప్రమాద అంచనా దేనికి చేశారు? ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి బడికీ డేటా ప్రొటెక్షన్ ఆఫీసరు ఉండాలి, ఇది ఆ మనిషి పనే. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఇక్కడి ప్రభుత్వ బడులకీ వర్తిస్తుంది.

రెండు: ఈ సైటు రేపు మూసేస్తే పిల్లల పని ఎలా బయటికి తీస్తారు? ఆ కాపీ ఎవరి దగ్గర ఉంటుంది? ఖాతా బడి పేరు మీద ఉందా, ఒక టీచరు సొంత ఈమెయిలు మీద ఉందా? మా తెలుగు బడికి తగిలిన దెబ్బ ఇక్కడే.

మూడు: మా పిల్ల బడి మారాక ఈ ఖాతాలు ఎప్పుడు చెరిపేస్తారు? చెరిపేముందు మాకు చెబుతారా?

టీచర్ల మీదకి యుద్ధానికి వెళ్లమని కాదు. ఈ ప్రశ్నలకి జవాబు లేని టీచరు మనకన్నా ఎక్కువ ఇబ్బందిలో ఉన్నట్టు. సాయం చేయగలిగితే చేయండి. మన తెలుగువాళ్లలో ఇంటికొక ఐటీ మనిషి ఉన్నాడు. స్కూలు గవర్నర్లలో తల్లిదండ్రులకి చోటుంటుంది, ఆ కుర్చీలో కూర్చోవచ్చు. మా శనివారం బడిలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఏది ఎక్కడ పెట్టినా, టర్ము ఆఖరి శనివారం అంతా దింపి రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించడం. ఒకటి అక్క ఇంట్లో, ఒకటి మా ఇంట్లో. ఖాతాలన్నీ బడి ఈమెయిలు మీదకి మార్చాం, దాని పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉంటుంది. మొత్తం ఖర్చు తొంభై పౌండ్లు, సంక్రాంతి సంబరాల్లో పులిహోర అమ్మి కూడబెట్టాం.

పోయిన రికార్డింగుల్లో బతికున్న పెద్దలకి పిల్లలు మళ్లీ ఫోను చేస్తున్నారు. ఒక బామ్మ రెండోసారి అడిగేసరికి ఇంకో కొత్త సంగతి చెప్పిందట. అవి రాసుకోదగ్గవే, కానీ ఇంకోసారి. వచ్చే నెల మళ్లీ పుస్తకాల్లోకి వెళ్దాం.